కడిగి ఇచ్చిన క్యారియరు

తెల్లవారుజామున నాలుగున్నరకు కన్నాంబకు మెలకువ వస్తుంది. ఎవరూ లేపనక్కర్లేదు. వ్యాసర్పాడి యార్డులో గూడ్సు పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు ఆ వేళకే మొదలవుతుంది. ఇరవైమూడేళ్లు ఆ చప్పుడుకే లేచింది. కొళాయి కింద బిందె పెట్టి, పొయ్యి ముట్టించి, ఏడు కొట్టేసరికి నాలుగు గిన్నెల క్యారియరు సర్ది గడప పక్కన పెట్టేది. అడుగు గిన్నెలో అన్నం, దాని మీద పులుసు, ఆపైన కూర, అన్నిటికన్నా పైన మజ్జిగన్నం, అందులో ఒక ఊరమిరపకాయ. కోదండపాణి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, వంగి క్యారియరు అందుకుని, "పోయొస్తా మే" అనేవాడు. ఆ మాట అయ్యాకనే ఆమె మొదటి కాఫీ తాగేది.

ఇప్పుడూ నాలుగున్నరకే లేస్తుంది. లేచి గోడకు ఆనుకుని కూర్చుంటుంది. కూతురు సుజిత ఎనిమిదింటికి గాని లేవదు. ఆ పిల్లకు టెలిఫోను బూతులో మధ్యాహ్నం నుంచి పని. అన్నం ఇంట్లోనే తిని పోతుంది. క్యారియరుతో పని లేదు. పాత చీర ముక్కలో చుట్టుకుని అది అటక మీద ఉంది. పెట్టి ఏడాది దాటింది.

కన్నాంబ పుట్టింది మాధవరంలో. తండ్రి పాల కాలనీలో ఎవరివో గేదెలు చూసేవాడు. ఆమె రెండో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడింది, పలక మూలన పడింది. అంకెలు తెలుసు, బస్సు నంబరు తెలుసు. అక్షరాలు మాత్రం తెలుగువీ రావు, అరవవీ రావు. అలాంటి పిల్లకు అక్షరాలతోనే బతికే మొగుడు దొరికాడు. కోదండపాణి జార్జి టౌనులో ఒక తెలుగు ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, ఎడమ చేతిలోని ఇనుప స్టిక్కులో తలకిందులుగా పేర్చేవాడు. పెళ్లి కార్డులు, పంచాంగాలు, బడి పుస్తకాలు. తలకిందులుగా ఉన్నవాటిని కూడా మనం తిన్నగా ఉన్నవి చదివినంత వేగంగా చదివేవాడు. వేళ్ల కొసలు ఎప్పుడూ నల్లగా ఉండేవి. తలంటు పోసుకున్న రోజు కూడా ఆ నలుపు పోయేది కాదు.

ఆయన చదువు ప్రెస్సులో. ఆమె చదువు సాయంత్రం తిరిగొచ్చే క్యారియరులో.

ఆయన ఏనాడూ గిన్నెలు కడిగి తెచ్చిన మనిషి కాదు. ఎంగిలి గిన్నెలే తెచ్చి కొళాయి రాయి మీద పెట్టేవాడు. ఆమె వాటిని తోమే ముందు ఒక్కొక్కటీ విప్పి చూసేది. కూర అంచున ఒత్తిగిలి ఉంటే ముదురు కాయ పడిందన్నమాట. పులుసు గిన్నె వేలితో తుడిచినట్టుంటే బాగా కుదిరింది. మజ్జిగన్నం పెట్టింది పెట్టినట్టే వస్తే ఎవరితోనో మాటా మాటా అయింది.

"ఈరోజు ప్రెస్సులో గలాటానా?" అని అడిగేది.

ఆయన బిత్తరపోయేవాడు. "నీకెవురు చెప్పినారు?"

ఎవరు చెప్పారో ఆమె చెప్పేది కాదు. చదువు రాని మనిషికి ఆ పాటి గుట్టు ఉండాలి గదా.

పోయిన ఏడాది ఆగస్టులో ఒక శుక్రవారం పొద్దున ఇద్దరికీ మాట పెరిగింది. ప్రెస్సులకు కంప్యూటర్లు వచ్చేశాయి. ఆయన చేతికింద నేర్చుకున్న వాళ్లు సైతం పోయి కంప్యూటరు ముందు కూర్చుంటున్నారు. కన్నాంబకు భయం. "అందరూ నేర్చుకుంటా ఉండారు. నువ్వు మట్టుకు ఆ స్టిక్కు పట్టుకోని ఎన్నాళ్లు నిలబడతావు?" అంది. ఆమె అడిగింది తప్పేమీ కాదు. కానీ ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది.

"చదువు రాని దానివి, అచ్చు సంగతి నీకేం తెలుసు? నోరు మూసుకోని వంట చెయ్యి" అన్నాడు. పెట్టిన ఇడ్లీలు తోసేసి లేచాడు.

ఆయన ఎన్నోసార్లు విసుక్కున్నాడు గాని, చదువు రాని దానివి అని అన్నది అదే మొదలు. పొయ్యి మీద వంకాయ పులుసు ఉడుకుతోంది. కన్నాంబ ఉప్పు జాడీ మూత తీసింది. చెంచాతో ఉప్పు ఎత్తింది. ఒక్క క్షణం ఆగింది. ఎత్తిన ఉప్పు మళ్లీ జాడీలోనే పోసి మూత పెట్టేసింది. వంట చెయ్యమన్నావు గదా, తిను, అనుకుంది. మరిచిపోయి కాదు, కావాలనే. క్యారియరు గడప పక్కన ఠంగుమని పెట్టింది. ఆయన అది తీసుకుని పోయాడు. "పోయొస్తా" అనలేదు. ఆమె కాఫీ తాగలేదు.

సాయంత్రం ఏడు గంటలకు ముగ్గురు మనుషులు వచ్చారు, వాళ్ల వెనక ఒక వ్యాను. ముందు వచ్చినవాడు యతిరాజులు, ప్రెస్సు ఫోర్మను, తలంతా నెరిసిన మనిషి. ఆయన వెనక ప్రూఫులు దిద్దే చెంగల్రాయుడు, మిషను తొక్కే సాయిరామ్. యతిరాజులు చేతిలో క్యారియరు ఉంది. గుండె ఆగిపోయిందని చెప్పారు. ఎవరికైనా అప్పుడు ఏం అడగాలో తోస్తుందా? కన్నాంబ నోట మొదట వచ్చిన మాట ఇదే.

"అన్నం తిన్నాడా అన్నా?"

యతిరాజులు రెప్ప వెయ్యకుండా చెప్పాడు. "తిన్నాడమ్మా. కడుపు నిండా తిన్నాడు. తిన్నాక కాసేపటికి ఇట్టయింది."

పదకొండో రోజు చుట్టాలు వెళ్లాక ఆమె క్యారియరు తోమడానికి కొళాయి దగ్గర కూర్చుంది. విప్పి చూస్తే నాలుగు గిన్నెలూ కడిగి ఉన్నాయి. కడిగినవాళ్లకు వరస కూడా తెలియదు. పులుసు గిన్నె అడుగున పెట్టారు. కన్నాంబ ఆ గిన్నెలను వెనక్కూ ముందుకూ తిప్పి చూసింది. మెతుకు లేదు, మరక లేదు. ఆయన చివరిపూట ఆమెకు ఏమీ రాసి పెట్టలేదు.

అప్పటినుంచి ఆమె మనసులో ఒకటే రోకటి పోటు. ఉప్పు లేని పులుసు నోట్లో పెట్టుకుని, ఇది మరపు కాదు, కోపం అని ఆయనకు తెలిసిపోయి ఉంటుంది. ఆయనకు తెలియని రుచా ఆమె చేతిది? గిన్నెల్లో ఏమీ మిగల్లేదంటే తినలేక పారబోశాడేమో. లేక ఆ చప్పిడి కూడు మింగుకుంటూ తిన్నాడేమో. ఏదైనా ఒకటే. మనిషి లోకంలోనుంచి పోయే రోజున పెళ్లాం చేతి కక్ష తిని పోయాడు. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. సుజితకు కూడా. సంవత్సరీకం రోజు పిండం పక్కన పెట్టే పులుసులో ఉప్పు వేస్తూ, వదిన తన మొహం చూస్తుందని పక్కకు తిరిగింది.

ప్రెస్సు జనవరిలోనే మూసేశారు. అక్షరాలను సీసం కింద తూకానికి అమ్మేశారని విన్నది. ముగ్గురూ తలా ఒక దిక్కయ్యారు.

ఆయుధ పూజకు మూడు రోజుల ముందు యతిరాజులు ఇంటికి వచ్చాడు.

ఆ ప్రెస్సు వాళ్లకు ఒక ఆనవాయితీ ఉండేది. ఆయుధ పూజ నాడు అక్షరాలు ఉంచే గళ్ల కేసులకు చందనం బొట్లు పెట్టి, వీధిలో గుమ్మడికాయ కొట్టి, సాయంత్రం అందరూ కలిసి సెకండ్ లైన్ బీచి వీధిలో జయరామన్ కొట్టుకు పోయేవారు. జయరామన్ వాళ్లు రంగూన్ నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. అక్కడి తిండినే ఇక్కడ అమ్ముతారు. నూడుల్సుతో చేతితో కలిపే అత్తో, అరటి దూట సూపు, ఉల్లిపాయ కూరిన గుడ్డు. ఆ పూట రాలేకపోయిన వాళ్ల వంతు వాళ్ల క్యారియరులోనే ఇంటికి పోవాలి. అది వాళ్లు పెట్టుకున్న కట్టు. కోదండపాణి ప్రతి ఏడాదీ తన క్యారియరు ఖాళీగా పట్టుకుపోయి, "మా ఇంటావిడ రాలేదు గదా, ఆమె వంతు ఎయ్యి" అని నింపించుకుని వచ్చేవాడట. బస్సు వ్యాసర్పాడి చేరేసరికి నూడుల్సు ఒకే ముద్ద అయ్యేవి. ఆమె ఆ ముద్దనే విడదీసుకుని తినేది. ఆయన ఎదురుగా కూర్చుని, "వేడి మీద తినాల మే, అప్పుడు చూడాల" అనేవాడు. వేడి మీద ఆమె ఎప్పుడూ తినలేదు. ఆ కొట్టు ఎలా ఉంటుందో కూడా తెలియదు.

"ప్రెస్సు లేకపోతే ఏమమ్మా, పండగ లేకుండా పోతుందా?" అన్నాడు యతిరాజులు చాపమీద కూర్చుని. "మేము ముగ్గురం పోతా ఉండాము. పాణి చోటు ఖాళీగా పెట్టి తినేదానికి నాకు మనసు రాలా. నువ్వు రా."

"నేనా? పండగ పూట, వీధిలో కూచోని తినేదానికా? చూసినోళ్లు ఏమనుకుంటారన్నా?"

"ఏమనుకుంటారు? ఆకలేసింది, తింటా ఉండాది అనుకుంటారు."

తల దువ్వుకుంటున్న సుజిత అందుకుంది. "పో మా. సుమ్మా గోడని చూస్తా కూచుంటే ఏమొస్తుంది? ఆ రోజు నాకు తొమ్మిది దాకా డ్యూటీ. నా వంతు పార్సల్ ఎత్తుకొని రా. నాన్న క్యారియర్ ఉంది గదా, అది ఎత్తుకొని పో."

క్యారియరు అన్న మాటకు యతిరాజులు చూపు తిప్పుకున్నాడు. కిటికీలోకి చూశాడు. కిటికీలో చూడడానికి ఏమీ లేదు.

కన్నాంబ అది చూసింది. ఎంగిలి గిన్నె చూసి మనిషి మనసు చెప్పగలిగినదానికి, మొహం చూసి చెప్పడం కష్టమా?

"వస్తానన్నా" అంది.

పండగ రోజు బస్సులకు అరటి పిలకలు కట్టారు, ఆటోలకు బంతిపూల దండలు వేశారు. రోడ్డంతా పగిలిన గుమ్మడికాయలూ కుంకుమ నీళ్లూ. కన్నాంబ ఒళ్లో క్యారియరు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు ఆవిడ బొరుగుల పొట్లం విప్పి, "తీస్కోమా" అని చాచి, బోసిగా ఉన్న నుదుటివైపు చూసి, మాట మార్చి, "ఎంగ ఇరంగణుం?" అంది. దిగేది ప్యారిస్ కార్నరులో అని చెప్పింది కన్నాంబ. బొరుగులు కూడా తీసుకుంది.

స్టాపులో సాయిరామ్ ఎదురుచూస్తున్నాడు. ముగ్గురిలోకి చిన్నవాడు, నోరు ఊరుకోని మనిషి.

"రా వదినా. బాగుండావా? ఆ క్యారియర్ ఇట్ట ఇయ్యి, నేను మోస్తా."

"ఉండనీ. బరువేం లేదు, ఖాళీదే."

"ఇప్పుడు ఖాళీనే. పోయేటప్పుడు చూడు. చెంగల్రాయుడన్న తినేది పోగా ఏమన్నా మిగిలితే అంతా నీకే."

కొట్టు అంటే ఒక తగరపు కప్పు, రెండు బల్లలు, నాలుగు బెంచీలు. పెట్రొమాక్సు దీపం చుట్టూ పురుగులు. జయరామన్ పెద్ద బేసిను ముందు నిలబడి నారింజ రంగు నూడుల్సు గుప్పెడేసి తీసుకుని, సన్నగా తరిగిన క్యాబేజీ, ఉల్లిపాయ, వేయించిన వెల్లుల్లి, మిరప్పొడి వేసి, చింతపండు నీళ్లు చిలకరించి, చేత్తో గబగబా కలుపుతున్నాడు. వెల్లుల్లి నూనె వాసన వీధి మొగదలకే కొట్టింది. ఆ వాసనే ప్రతి ఏడాదీ ఆయన చొక్కాకు అంటుకుని ఇంటికి వచ్చేది.

చెంగల్రాయుడు కళ్లద్దాలు ఎగదోసుకుని కొట్టు బోర్డు చూస్తున్నాడు. "ఈ ఏడు కూడా దిద్దలా జయరామన్. తప్పు తప్పుగానే ఉండాది" అన్నాడు.

"తినేదానికి వచ్చినావా, ప్రూఫు చూసేదానికా?" అన్నాడు సాయిరామ్.

యతిరాజులు లేచి నిలబడి, "రామ్మా" అని గోడవైపు చోటు చూపించాడు. ఆ చోటు కోదండపాణిదని ఎవరూ చెప్పలేదు. తర్వాత సంచిలోనుంచి ఒక పొట్లం తీశాడు. పాత పంచాంగం కాగితంలో చుట్టిన ఇనుప స్టిక్కు.

"పాణిది. అక్షరాలన్నీ తూకానికి పోయినాయి. ఇదొక్కటి నేను దాచినా."

బల్ల మధ్య పెట్టి, చందనం రాసి, కుంకుమ బొట్టు పెట్టాడు. కర్పూరం వెలిగిస్తే గాలికి రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి సాయిరామ్ చేతులు అడ్డం పెట్టాడు. స్టిక్కు అంచు ఒకవైపు అరిగి మెరుస్తోంది. ఆయన బొటనవేలు ఆనే చోటు అదేనేమో.

కబుర్లు మొదలయ్యాయి. ఎవరి పెళ్లి కార్డులో పెళ్లికొడుకు తండ్రి పేరు ఎగిరిపోయిందో, ఆ పెళ్లివాళ్లు ప్రెస్సు మీదికి ఎలా వచ్చారో, అప్పుడు కోదండపాణి ఎలా నవ్వకుండా నిలబడ్డాడో. సాయిరామ్ ఆ పెళ్లివాళ్ల గొంతు పెట్టి మాట్లాడితే కన్నాంబ కూడా నవ్వింది. నవ్వి, నవ్వినందుకు తప్పు చేసినట్టనిపించి, కొంగు సర్దుకుంది. ఈ కథలు ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

జయరామన్ కలిపిన అత్తోలోనుంచి నాలుగు పోగులు తీసి, ఉప్పు చాలిందో లేదో చూడమని కన్నాంబ అరచేతిలో పెట్టాడు. "అమ్మా, ఉప్పు పోదుమా పారుంగ."

ఆమె నోట్లో పెట్టుకోబోతుండగానే సాయిరామ్ అందుకున్నాడు.

"ఉప్పు వదిన్ని అడుగుతావేంది జయరామన్నా? మమ్మల్ని అడుగు. ఎక్కువైనా తింటాము, లేకున్నా తింటాము. వదిన చేతి ఉప్పు లేని వంకాయ పులుసే మేము గిన్నె తుడిచి..."

బల్ల కింద చెంగల్రాయుడి కాలు కదిలింది. సాయిరామ్ నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయింది.

కన్నాంబ చేతిలోని నూడుల్సు ఆకులో పెట్టింది.

"ఏ వంకాయ పులుసు, సాయిరామ్?"

"ఎప్పుడో వదినా. పాణన్న అప్పుడప్పుడూ ఒక స్పూను రుచి చూపించేవాడు గదా..."

"ఇరవైమూడేళ్లలో నా చేత్తో ఉప్పు లేని పులుసు ఒక్కసారే ఇల్లు దాటింది. అది ఏ రోజు పోయిందో నాకు తెలుసు."

పక్క బల్ల దగ్గర ఎవరో సూపు ఇంకొంచెం అడుగుతున్నారు.

"అన్నా" అంది ఆమె యతిరాజులు వైపు తిరిగి. "ఆయన కడుపు నిండా తిన్నాడంటివి. గిన్నె తుడిచింది మీరంటా ఉండాడు ఈ పిల్లోడు. ఏది నిజం?"

యతిరాజులు రెండు చేతులూ బల్లమీద పెట్టాడు. ఆ వేళ్ల కొసల నలుపు ఇంకా పోలేదు.

"అబద్ధం చెప్పినానమ్మా. పాణి తినలా."

తర్వాత ఆయన ఆపకుండా చెప్పాడు. పన్నెండు కాకముందే చెమటలు పట్టాయి. స్టిక్కులో సగం పంక్తి పేర్చి ఉంది. అట్లాగే కేసు మీదకు ఒరిగాడు. ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పోయారు. "నిన్ను తోడుకొచ్చేదానికి సాయిరామ్ బయల్దేరినాడు తల్లీ, గేటు దాటలా, ఈలోపలే అయిపోయినాది. ఒకటిన్నర."

ఒకటిన్నర. ఆ వేళకు రోజూ ఆయన క్యారియరు విప్పేవాడు.

"క్యారియర్ నేను ఎత్తుకొచ్చినా వదినా" అన్నాడు సాయిరామ్ తల ఎత్తకుండా. "మేకుకు తగిలించి ఉన్నింది. లేచినాక తింటాడని ఎత్తుకొచ్చినా."

"కాయితాలు అయ్యేదానికి ఆరు దాటుతుందన్నారు. పాణిని తోడుకోకుండా వచ్చి నీకు ఎట్ట చెప్పేదని ఆడనే ఉండిపోయినాము" అన్నాడు యతిరాజులు. "నాకు చక్కెర జబ్బు. పొద్దున మాత్ర మింగినోణ్ణి, కడుపులో ఏమీ లేదు. నాలుగు గంటలకి కళ్లు చీకట్లు కమ్మినాయి. నేనూ పడిపోతే వీళ్లు ఇద్దర్ని మొయ్యాల. చెంగల్రాయుడు విప్పి నాకు పెట్టినాడు. మిగిలింది వాళ్లిద్దరూ తిన్నారు. పులుసులో ఉప్పు లేదని వీడన్నాడు. ఇప్పుడు రుచి చూస్తావురా అని చెంప మీద కొట్టినా. తిన్నాక సిగ్గేసింది. నేనే ఆసుపత్రి కొళాయి కింద కడిగినా. మా ఎంగిలి నీ చేతికి ఎట్ట ఇచ్చేదమ్మా? నువ్వేమో అన్నిటికన్నా ముందు అదే అడిగితివి. నోట్లోనుంచి వచ్చేసినాది."

కన్నాంబ స్టిక్కు వైపు చూస్తూ కూర్చుంది. ఆయన ఆ పులుసు నోట్లో పెట్టుకోలేదు. ఆమె కక్ష ఆయన నాలుకకు తగలలేదు. ఏడాదిగా మోసిన రోకలి చేతిలోనుంచి జారినట్టయింది. కానీ జారిన చోట ఇంకొకటి లేచింది. పొద్దున ఇడ్లీలు తోసేసి పోయిన మనిషి. ముందురోజు రాత్రి తిన్నదే చివరి కూడు. పస్తుతో పోయాడు. ఆయన ముద్ద ఆయన పక్కనే ఉండి, ఇంకెవరి కడుపులోకో పోయింది. ఒక్క క్షణం ఆ ముగ్గురి మొహాలూ చూడబుద్ధి కాలేదు. లేచి పోదామనుకుంది. క్యారియరు పిడి మీద చెయ్యి వేసింది.

లేవలేదు.

"మరిచిపోయింది కాదు" అంది. "ఆ పొద్దు ఉప్పు నేనే ఎయ్యలా. కోపం మీద."

ముగ్గురూ ఆమె వైపు చూశారు. చెంగల్రాయుడు కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడిచాడు, ఎంతసేపో తుడిచాడు.

"మా ఇంట్లో నెలకి రెండు తూర్లు ఎయ్యదు" అన్నాడు చివరికి. "అడిగితే, బీపీకి మంచిదంటుంది."

సాయిరామ్ ముక్కులోనుంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వో, మరొకటో. కన్నాంబ పెదవి కూడా కదిలింది, వెంటనే బిగిసింది.

"అన్నా, ఆ పొద్దు ఆయన నా గురించి ఏమన్నా అన్నాడా?"

యతిరాజులు ఆలోచించాడు. ఒక మంచి మాట కోసం వెతుకుతున్నాడని ఆమెకు తెలిసిపోయింది. కేసులో అక్షరం కోసం చెయ్యి తిరిగినట్టు ఆయన చూపు తిరుగుతోంది.

"నిజం చెప్పన్నా. ఇంకొక అబద్ధం నేను మొయ్యలేను."

"ఏమీ అనలా తల్లీ. వచ్చినప్పటినుంచి మాట లేదు. పని చేసుకుంటా ఉన్నాడు."

ఆమె తల ఊపింది. ఆ జవాబు ఆమెను ఓదార్చలేదు. కాని నమ్మింది.

జయరామన్ ఈ మాటలేవీ పట్టనట్టు నాలుగు ఆకుల్లో వేడి వేడి అత్తో పెట్టి, పైన కరకరలాడే బేజో చెక్కలు నలిపి చల్లి, గిన్నెల్లో సూపు పోసి పోయాడు. ఆవిరి మొహానికి కొట్టింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ముగ్గురు మగవాళ్లూ ఆమె చెయ్యి కోసం చూస్తున్నారని కన్నాంబకు అర్థమైంది. ఆమె తినకపోతే వాళ్లూ తినరు. తిననీయకుండా చేయడం ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. ఒకసారి అలాగే చేసింది గదా.

ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. వెల్లుల్లి, పులుపు, కారం. పోగులు దేనికది విడివిడిగా ఉన్నాయి. ఆయన చెప్పింది నిజమే. వేడి మీద ఇది వేరే తిండి.

"జయరామన్నా, ఇంకొంచెం ఉప్పు" అంది.

సాయిరామ్ గబుక్కున లేచి, తనే ఉప్పు డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అప్పుడు అందరూ తిన్నారు. పెద్దగా మాటల్లేవు. చెంగల్రాయుడు గుడ్డు తింటూ చొక్కా మీద చింతపండు నీళ్లు ఒలకబోసుకున్నా ఎవరూ తిట్టలేదు.

బయల్దేరేటప్పుడు క్యారియరు నింపించింది యతిరాజులే. గిన్నెలు ఆయన పేరుస్తుంటే కన్నాంబ చూస్తూ నిలబడి, "అది కాదన్నా, పులుసు గిన్నె అడుగున పెడతారా ఎవరన్నా? దాని చోటు అన్నం మీద" అంది. ఆయన తలవంచుకుని, తీసి, సరిగ్గా పెట్టాడు. సాయిరామ్ స్టిక్కు మీది కుంకుమ వేలికి అద్దుకుని క్యారియరు మూతమీద చిన్న బొట్టు పెట్టాడు. "వదిన ఆయుధం ఇదే గదా" అన్నాడు. అని, తప్పుగా మాట్లాడానేమో అన్నట్టు ఆమెను చూశాడు.

"చేత్తో చెరిపేవు, అట్టే ఉండనీ" అంది కన్నాంబ.

స్టిక్కు తీసుకుపొమ్మన్నాడు యతిరాజులు. ఆమె వద్దంది. "వచ్చే ఏడు పూజకి నువ్వే తీసుకురా అన్నా. నేను వస్తే చూస్తా." వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు. ఆ తేడా ఆయనకు తెలిసినట్టే ఉంది.

బస్సులో వస్తూ ఆమె తన కడుపు నిండుగా ఉందని గమనించింది. ఏడాదిగా కడుపు నిండడం అన్నది ఆమెకు ఎరుకలో లేదు. నిండిన కడుపు మీద క్యారియరు వెచ్చగా ఆనుకుని ఉంది. ఒకటిన్నరకు ఆయన కడుపు ఎలా ఉందో అన్న తలపు రాగానే, ఆ వెచ్చదనం ఒళ్లు కాల్చినట్టయి, క్యారియరు తీసి కాళ్ల దగ్గర పెట్టింది.

సుజిత బూతు మూసి వచ్చి, చెప్పులు విప్పకుండానే మూత తీసింది. నిలబడే తింది. "సూపర్ మా. ఎట్ట ఉన్నింది ఆడ? నవ్వినారా, ఏడ్చినారా?"

"రెండూనూ."

"అంకుల్స్ ఏమన్నారు?"

కన్నాంబ కూతురి మొహం చూసింది. ఈ పిల్లకు చెప్పాలి. ఈ పూట కాదు. "మీ నాన్న స్టిక్కు దాచి పెట్టినాడంట యతిరాజులు పెదనాన్న" అంది.

సుజిత తినేసి గిన్నెలు ఎత్తుకుని కొళాయి వైపు పోబోయింది. "నేను కడుగుతా మా, నువ్వు పండుకో."

"ఉండనీ. ఆ రాయి మీద పెట్టు."

"చీమలు పడతాయి మా. నువ్వే గదా తిడతావు, ఎంగిలి క్యారియర్ తెల్లవార్లూ ఉంచకూడదని?"

"పెట్టు అంటా ఉండా గదా."

తెల్లవారుజామున నాలుగున్నరకు యార్డులో గూడ్సు పెట్టెలు గుద్దుకున్నాయి. కన్నాంబ లేచి ఈసారి గోడకు ఆనుకోలేదు. బిందె తీసుకుని కొళాయి దగ్గరకు వచ్చింది. రాయి మీద నాలుగు గిన్నెలూ మూతలు తీసి ఉన్నాయి. ఒకదాంట్లో నారింజ రంగు నూనె గడ్డకట్టింది. అంచున క్యాబేజీ ముక్కలు ఒత్తిగిలి ఉన్నాయి. ఏరి ఏరి పక్కన పెట్టింది ఈ పిల్ల, వాళ్ల నాన్న మాదిరే. వెల్లుల్లి ఒక్కటి మిగల్లేదు. సూపు గిన్నె వేలితో తుడిచినట్టుంది.

ఆమె వంగి ఒక్కొక్కటీ చూసింది. పీచు, సబ్బు డబ్బా చేతికి అందే దూరంలోనే ఉన్నాయి.

బిందె కొళాయి కింద పెట్టి తిప్పింది. నిండిన నీళ్లు పొంగి రాయి మీదుగా క్యారియరు వైపు పారాయి. కన్నాంబ కాలితో ఒక ఇటుక ముక్క జరిపి అడ్డం పెట్టి, నీళ్లను పక్కకు మళ్లించింది.